పాత మిలిటరీ విమానం కొనాలనుకునేవాళ్లు రేడియల్ ఇంజిన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో మేం ముగ్గురం మిత్రులం కలిసి ఒక సీజే-6 ఉంచుకున్నాం. చైనా వైమానిక దళం కుర్ర పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానం అది. శనివారం పొద్దున హ్యాంగర్ తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, "అన్నా, మనం కూడా ఒకటి కొంటే ఎలా ఉంటుంది?" అని మొదలుపెడతారు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను మెకానిక్‌ను కాను, చేతికి గ్రీజు అంటించుకునే ఓనర్‌ను మాత్రమే.

రేడియల్ ఇంజిన్ అంటే ఏమిటి?

ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు. ఆ ఆకుల చోట సిలిండర్లు పెడితే అదే రేడియల్. మధ్యనున్న క్రాంక్‌షాఫ్ట్‌కు ఒకే ఒక్క పెద్ద కనెక్టింగ్ రాడ్ తగులుకుని ఉంటుంది, దాన్ని మాస్టర్ రాడ్ అంటారు. మిగతా సిలిండర్ల రాడ్లన్నీ దాని చుట్టూ పిన్నులతో బిగించి ఉంటాయి. అంటే తొమ్మిది సిలిండర్ల భారమూ ఒక్క బేరింగ్ మీదే. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

ఒక వరసలో సిలిండర్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి ఒకటి వదిలి ఒకటి మండుతూ పోవాలి: 1, 3, 5, 7, 9, ఆ తర్వాత 2, 4, 6, 8. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి అన్నిటి వంతూ అయిపోతుంది. సరి సంఖ్య పెడితే ఈ లెక్క కుదరదు. 14, 18 సిలిండర్ల ఇంజిన్ అన్నారంటే 7, 9 చొప్పున రెండు వరసలని అర్థం. చల్లబరచడానికి గాలే తప్ప నీళ్లుండవు, రేడియేటర్ ఉండదు, లీకయ్యే పైపుల బాధా తక్కువే.

అసలు ఇవి నమ్మదగినవేనా? ఎనభై ఏళ్ల ఇంజిన్ మీద ప్రాణం పెట్టవచ్చా?

ఏ రేడియల్ అన్నది ముందు చెప్పాలి. ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ మొదటి ఇంజిన్ వాస్ప్ 1925 క్రిస్మస్ ముందురోజు తయారై సిద్ధమైంది. దాని ఆర్-1340 రూపమే తర్వాత టీ-6 శిక్షణ విమానంలో 600 హార్స్‌పవర్‌తో కూర్చుంది. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి ప్యారిస్‌కు 33 గంటలన్నర ఆగకుండా ఎగిరింది రైట్ కంపెనీ తొమ్మిది సిలిండర్ల వర్ల్‌విండ్‌తోనే. ఒకే వరసలో 7 లేదా 9 సిలిండర్లున్న ఇంజిన్ల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

పెద్దవాటి కథ వేరు. బీ-29 బాంబర్‌లో పెట్టిన ఆర్-3350 మొదట్లో వేడెక్కి అంటుకునేది. ఆర్-4360కి నాలుగు వరసల్లో 28 సిలిండర్లు, సిలిండర్‌కు రెండు చొప్పున 56 స్పార్క్ ప్లగ్గులు. ఒక్క ఇంజిన్‌కు ప్లగ్గులు మార్చడమే ఒక రోజు కూలీ. అలాంటివి మ్యూజియంలో చూసి ఆనందించాలి గానీ సొంత డబ్బుతో కొనకూడదు.

రెండో ప్రపంచయుద్ధంలో సిలిండర్లు దెబ్బతిన్నా పీ-47 ఫైటర్లు ఇంటికి చేరాయన్న కథలు మీరు వినే ఉంటారు. అవి నిజమే. కానీ అక్కడ మర్నాడు ఆ ఇంజిన్ తీసేసి కొత్తది పెట్టడానికి గుడారం నిండా మెకానిక్‌లుండేవారు, బిల్లు ప్రభుత్వానిది. ఇక్కడ మీరు, మీ క్రెడిట్ కార్డు. ఈ ఇంజిన్లను వయసు చంపదు. ఎక్కువగా చంపేవి రెండే: ఎగరకుండా ఉంచడం, తొందరపడి నడపడం.

మనలాంటి ఉద్యోగస్తులకు అందుబాటులో ఉండేవి ఏవి?

చవకలో యాక్-52, సీజే-6. యాక్-52ను సోవియట్లు రూపొందించారు, రుమేనియాలోని బకావు ఊళ్లో తయారైంది. దానికి 360 హార్స్‌పవర్ ఎం-14పీ ఇంజిన్. సీజే-6 చైనాలోని నాన్‌చాంగ్‌ది, 1958లో మొదటిసారి ఎగిరింది, దాని హౌసాయ్ ఇంజిన్ 285 హార్స్‌పవర్. చాలామంది దాన్ని యాక్ కాపీ అనుకుంటారు, కాదు. రెండూ సుమారు లక్ష డాలర్లకు అటూ ఇటూ దొరుకుతాయి.

టీ-6 కావాలంటే లక్షన్నర నుంచి రెండున్నర లక్షల డాలర్లు చూసుకోవాలి. అమెరికా నేవీ దాన్నే ఎస్ఎన్‌జే అనేది, బ్రిటిష్‌వాళ్లకు, మన వైమానిక దళానికి అది హార్వర్డ్. అన్ని రకాలూ కలిపి 15 వేలకు పైగా తయారయ్యాయి. రెండు రెక్కల అంతస్తులున్న స్టియర్‌మన్ దాదాపు ఆ కింది ధరల్లోనే వస్తుంది, నడిపే ఖర్చూ తక్కువే. టీ-28బీ అయితే 1425 హార్స్‌పవర్. దాని పెట్రోలు దాహం గురించి మాట్లాడకపోవడమే మంచిది. కోర్సేర్ లాంటి అసలు సిసలు ఫైటర్లు మిలియన్లలో ఉంటాయి.

హెచ్-1బీ మీద ఉన్నాను. నా పేరు మీద కొనవచ్చా?

నేరుగా కుదరదు. అమెరికాలో 'ఎన్' నంబర్‌తో విమానం రిజిస్టర్ చేసుకోవాలంటే మామూలుగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. లేనివాళ్లు ట్రస్టు ద్వారా రిజిస్టర్ చేయించుకుంటారు, ధర్మకర్తగా అర్హత ఉన్నవాళ్లు ఉంటారు, ఏటా ఫీజు పడుతుంది. లాయరుతో మాట్లాడకుండా ఈ పని పెట్టుకోవద్దు. అన్నట్టు, పౌరసత్వం లేనివాళ్లు మొదటి లైసెన్స్ శిక్షణకు ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి, అది కూడా ఉండే ఉంటుంది మీకు.

నాకు సెస్నా 172 నడపడం వచ్చు. చాలదా?

చాలదు. 200 హార్స్‌పవర్ దాటితే ఒక ఎండార్స్‌మెంట్ (నేర్పించాక శిక్షకుడు పెట్టే సంతకం), ముడుచుకునే చక్రాలకు ఇంకొకటి, టీ-6, స్టియర్‌మన్ లాంటి తోక చక్రం విమానానికి మరొకటి. ఇన్సూరెన్స్ కంపెనీ ఆపైన ఇంకొన్ని గంటలు అనుభవజ్ఞుడితో ఎగరమంటుంది. యాక్, సీజేలకు ముక్కు చక్రం ఉంటుంది కాబట్టి మనలాంటివాళ్లకు సులువు. కానీ వాటి ప్రొపెల్లర్ అమెరికన్ విమానాలకు ఎదురు దిక్కులో తిరుగుతుంది. ఏళ్ల తరబడి టేకాఫ్‌లో కుడికాలు నొక్కిన అలవాటుతో మొదటిరోజు నేను రన్‌వే అంచు గడ్డిని బాగా దగ్గరగా చూశాను.

హైడ్రాలిక్ లాక్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే భయపెడుతున్నారు.

భయపెట్టాల్సిందే.

చక్రంలో కింది ఆకులు నేలవైపు చూస్తుంటాయి కదా. ఇంజిన్ ఆపి రెండు రోజులు వదిలేస్తే ఆయిల్ మెల్లగా పిస్టన్ రింగుల సందుల్లోంచి కారి ఆ కింది సిలిండర్లలోకి చేరుతుంది. గాలిని నొక్కితే ముడుచుకుంటుంది. ఆయిల్ ముడుచుకోదు. పిస్టన్ దూసుకొచ్చి ఆ ఆయిల్‌ను గుద్దితే వంగాల్సింది రాడ్డే.

అసలు ప్రమాదం ఏమిటంటే, రాడ్డు వంగిన సంగతి ఆ రోజు తెలియకపోవచ్చు. ఇంజిన్ స్టార్టవుతుంది, మామూలుగానే ఎగురుతుంది. ఎన్నో గంటల తర్వాత, ఎక్కడో చెట్ల మీద ఉండగా ఆ రాడ్డు విరుగుతుంది.

అందుకే స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటోలు ఆపి ఉన్నాయని చూసుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతారు. టీ-6కి రెండు రెక్కల ప్రొపెల్లర్, గేర్లు లేవు. కాబట్టి నాలుగు రెక్కలు లెక్కపెడితే రెండు చుట్లు, తొమ్మిది సిలిండర్లూ ఒకసారి కంప్రెషన్‌కు (గాలిని నొక్కే వంతుకు) వచ్చినట్టు. గేరున్న ఇంజిన్లకు లెక్క మారుతుంది. మేం ఎలాగూ అంతకు రెట్టింపు తిప్పుతాం.

చేతికి తెలిసే తేడా ఒకటుంది. మంచి సిలిండర్ కంప్రెషన్‌కు వచ్చినప్పుడు రెక్క బరువెక్కుతుంది, మెత్తగా, స్ప్రింగును నొక్కినట్టు. లాక్ అయితే మెత్తదనం ఉండదు. గోడకు ఆనించినట్టు టక్కున ఆగిపోతుంది. గత ఏడాది వానల్లో మూడు వారాలు ఎగరలేదు. ఆ పొద్దున మూడో రెక్క దగ్గర సరిగ్గా అలా ఆగింది. నా పక్కన సాయంగా నిలబడ్డ కుర్రాడు భుజం ఆనించబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అక్కడ ఇంకొంచెం బలం వేస్తే చేత్తోనే రాడ్డు వంచవచ్చు. వెనక్కి తిప్పితే వదిలేస్తుంది, కానీ ఆ ఆయిల్ గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ పైపులోకి వెళ్లి కూర్చుని, స్టార్ట్ చేయగానే మళ్లీ సిలిండర్లోకే వస్తుంది. వెనక్కి తిప్పడం ఇంకా పెద్ద తప్పు.

చేయాల్సింది ఒక్కటే. కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పాలి. విప్పితే అరకప్పు నల్లటి ఆయిల్ నా మోచేతి మీదుగా చొక్కాలోకి కారింది. ఇన్‌టేక్ పైపు డ్రెయిన్ తీసి అదీ ఖాళీ చేసి, ప్లగ్గులు తుడిచి బిగించేసరికి గంటన్నర. ఆ రోజు బ్రేక్‌ఫాస్ట్‌కు పక్క ఊరు వెళ్లే ప్రోగ్రామ్ పోయింది. చొక్కా కూడా పోయింది.

ఆయిల్ ఎప్పుడూ కారుతూనే ఉంటుందా?

ఉంటుంది. కింద ఆయిల్ లేదంటే లోపల ఆయిల్ లేదని హ్యాంగర్లలో పాత జోకు. గంటకు లీటరు దాకా తాగే టీ-6లు మామూలే, దాని ఆయిల్ ట్యాంకు అందుకే అంత పెద్దది. ఎంత తాగుతోందన్నది పెద్ద విషయం కాదు, ఆ అంకె మారుతోందా అన్నదే చూడాలి. ప్రతి ఫ్లైటుకూ ఎంత పోశామో రాసుకుంటాం. మూడు నెలలు ఒకేలా ఉండి హఠాత్తుగా రెట్టింపైతే ఆగి వెతకాలి.

ఎలా నడిపితే ఎక్కువకాలం వస్తుంది?

వేడెక్కనివ్వాలి. ఆయిల్ 40 డిగ్రీలు, సిలిండర్ హెడ్లు 100 దాటేదాకా కదలకుండా కూర్చోవడం కొత్తవాళ్లకు చిరాకు. చలికాలం పావుగంట పడుతుంది. ఆ పావుగంటే ఇంజిన్‌కు బీమా.

దిగేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా వెనక్కి లాగకూడదు. అలా లాగితే ఇంజిన్ ప్రొపెల్లర్‌ను తిప్పడం మాని, గాలికి తిరిగే ప్రొపెల్లరే ఇంజిన్‌ను తిప్పడం మొదలుపెడుతుంది. మాస్టర్ రాడ్ బేరింగ్ మీద బరువు ఎదురువైపు పడుతుంది, ఆయిల్ పొర అటువైపు సరిగా నిలవదు. పైన గుర్తుంచుకోమన్న బేరింగ్ ఇదే. పాత పైలట్లు ఒక లెక్క చెబుతారు: ప్రతి 100 ఆర్‌పీఎంకు కనీసం ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) ఉంచు అని. 1,800 తిరుగుతుంటే 18 అంగుళాలు. అంటే దిగడం గురించి పది మైళ్ల ముందే ఆలోచించాలి. మన యాక్, సీజేల్లో మీటర్లు అంగుళాల్లో కాకుండా మిల్లీమీటర్లలో ఉంటాయి, యాక్‌లో ఆర్‌పీఎం శాతాల్లో చూపిస్తుంది. లెక్క మాత్రం అదే.

ఇంకొకటి. స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు ఎక్కువ కొడితే ఎగ్జాస్ట్‌లోనో ఇన్‌టేక్‌లోనో మంట రావచ్చు. గాభరాపడి ఆపకూడదు, స్టార్టర్ తిప్పుతూనే ఉంటే మంటను ఇంజిన్ లోపలికి లాగేసుకుంటుంది. అయినా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో ఒక మనిషి బయట ఉండటం మా దగ్గర నియమం.

"ఓవర్‌హాల్ తర్వాత 60 గంటలే నడిచింది" అని ప్రకటన ఉంది. మంచి బేరమేనా?

ఓవర్‌హాల్ అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసి బిగించడం. ఆ 60 గంటలు ఎన్నేళ్లలో నడిచిందో అడగండి.

సీజే కొనకముందు మేం ఒక ఎస్ఎన్‌జే చూడటానికి వేరే రాష్ట్రానికి వెళ్లాం. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. ఇంజిన్ ఓవర్‌హాల్ అయ్యి 60 గంటలే, కాకపోతే ఆ ఓవర్‌హాల్ జరిగి ఇరవై ఏళ్లు దాటింది. చివరి ఆరేళ్లలో లాగ్‌బుక్‌లో నాలుగంటే నాలుగు ఎంట్రీలు. మా మెకానిక్ ప్లగ్గు తీసి సన్న కెమెరా లోపలికి పంపాడు. స్క్రీన్ మీద సిలిండర్ గోడలకు ఇటుక రంగు మచ్చలు. "రెండు గంటలు ఎగిరితే అదే పోతుంది" అన్నాడు అమ్మేపెద్దమనిషి. పోతుంది నిజమే, కాకపోతే పోయి ఆయిల్లో కలుస్తుంది, అక్కడి నుంచి బేరింగుల్లోకి. నమస్కారం పెట్టి వచ్చేశాం. దానికన్నా, 700 గంటలు నడిచినా ప్రతి వారం ఎగిరిన ఇంజిన్‌కే నేను ఎక్కువ డబ్బు ఇస్తాను.

ఆర్-1340ని బాగా చూసుకుంటే వెయ్యి గంటలు, ఆపైన కూడా నడుస్తుంది. లారీవాళ్లు బోరుకొచ్చింది అంటారే, ఆ స్థితికి వచ్చాక మళ్లీ చేయించడానికి 50 వేల డాలర్లకు తక్కువ కాదు. కొనే ధరలో ఈ అంకెను ఎప్పుడూ పక్కన పెట్టుకుని బేరమాడాలి.

కొనేముందు ఏమేం చూడాలి?

గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండి చూసుకుంటాం. అమ్మేవాడు పిండి చూపిస్తే ఒప్పుకోం. ఇక్కడా అంతే. అమ్మేవాడి మెకానిక్ వద్దు, ఆ రకం ఇంజిన్ మీద చెయ్యి తిరిగిన మీ మెకానిక్‌ను డబ్బిచ్చి తీసుకెళ్లండి.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి ఏదో పేచీ ఉందేమో అనుకోవాలి. నడిపి ఆపిన వెంటనే ప్రతి సిలిండర్ దగ్గరా ఉష్ణోగ్రత చూస్తే, చల్లగా ఉన్నది పనిచేయనిదని తెలిసిపోతుంది. కంప్రెషన్ పరీక్ష 80 పౌండ్ల గాలితో చేస్తారు, ఎంత నిలిచింది అన్నదాంతో పాటు ఎక్కడి నుంచి కారుతోందో చెవి పెట్టి వినాలి. ఎగ్జాస్ట్‌లోంచి బుస వస్తే వాల్వు. సిలిండర్ హెడ్ ఫిన్నుల మధ్య తడి చారగానీ మసిగానీ ఉంటే పగులు. ఆయిల్ స్క్రీన్ విప్పి మాగ్నెట్ పెట్టి చూడాలి. కాస్త కార్బన్ ఫరవాలేదు, మెరిసే తునకలు కనిపిస్తే కారెక్కి ఇంటికి రావడమే.

ఇంజిన్ మీదే ధ్యాస పెట్టి మిగతాది మర్చిపోకండి. టీ-6 విషయంలో 2005లో ఫ్లోరిడాలో రెక్క విరిగి ప్రమాదం జరిగాక, రెక్కను మధ్యభాగానికి కలిపే యాంగిళ్లలో పగుళ్లు వెతకమని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది, అది ఒక్కసారితో అయిపోదు, గంటల లెక్కన మళ్లీ మళ్లీ చేయించాలి. ఆ రికార్డు లేని టీ-6 ఎంత అందంగా ఉన్నా వద్దు. యాక్, సీజేల్లో చక్రాలు, బ్రేకులు, స్టార్టర్ అన్నీ కంప్రెస్డ్ గాలితో పనిచేస్తాయి. ఎక్కడో చిన్న లీకుంటే పొద్దున్నకి బాటిల్ ఖాళీ, స్టార్ట్ కాదు. మా హ్యాంగర్ మూలన స్కూబా డైవింగ్ సిలిండర్ చూసి, "మీకు ఈత కూడా వచ్చా" అని అడిగినవాళ్లున్నారు. అది విమానానికి గాలి నింపడానికి.

స్పేర్ పార్టులు దొరుకుతాయా?

ఆర్-1340, ఆర్-985లకు ఇంకా దొరుకుతాయి. పురుగుమందు చల్లే విమానాలు, అలాస్కా, కెనడాల్లో నీటి మీద దిగే బీవర్, ఆటర్ విమానాలు దశాబ్దాలపాటు ఇవే ఇంజిన్లతో బతికాయి, వాటి వల్లే ఓక్లహోమా లాంటిచోట్ల ఓవర్‌హాల్ షాపులు నిలిచాయి. ఎం-14పీకి రష్యా నుంచి సరఫరా 2022 తర్వాత కష్టమైంది. కొనేటప్పుడే విమానంతోపాటు ఏయే పార్టుల పెట్టెలు వస్తున్నాయో అడగండి. మా సీజేతో రెండు కొత్త సిలిండర్లు వచ్చాయి. వాటి కోసమే బేరం ఒప్పుకున్నాం అన్నా తప్పులేదు.

నెలకు ఎంత అవుతుంది?

సీజే గంటకు సుమారు 15 గ్యాలన్లు తాగుతుంది, టీ-6 అయితే 30 పైనే. గ్యాలన్ ఆరేడు డాలర్లు వేసుకోండి. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏటా తనిఖీ ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. ముగ్గురం పంచుకోవడానికి కారణం ఖర్చొక్కటే కాదు, ముగ్గురుంటే ఇంజిన్ ప్రతి వారం నడుస్తుంది.

డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకుంటే ఖర్చులు వస్తాయి కదా?

కుదరదు. యాక్, సీజే, టీ-28 లాంటివి ఎక్స్‌పెరిమెంటల్ ఎగ్జిబిషన్ కేటగిరీలో (మామూలు విమానాల సర్టిఫికెట్ లేకుండా ప్రదర్శన కోసం ఎగిరేవాటి వర్గంలో) ఉంటాయి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు.

హైదరాబాద్ తీసుకెళ్లి బేగంపేటలో దింపాలని కల. సాధ్యమేనా?

కలకు డబ్బులు కట్టక్కర్లేదు. అమెరికాలో ఉన్న ఎగ్జిబిషన్ కేటగిరీ లాంటి తేలిక దారి మన దగ్గర సొంత మనుషులకు లేదు. పెట్రోలు సమస్య మాత్రం కొంత తీరింది, 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గర తయారుచేసిన 100ఎల్ఎల్ ఏవియేషన్ గ్యాసోలిన్‌ను విడుదల చేసింది.

అయితే బేగంపేటకు రేడియల్ చప్పుడు కొత్త కాదు. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు అక్కడి నుంచే ఎగిరేవి, ఒక్కోదానికి 14 సిలిండర్ల ఆర్-1830లు రెండు. 1953లో జాతీయం చేసేదాకా అవి నడిచాయి. అవే ఇంజిన్లున్న లిబరేటర్ బాంబర్లను యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో పాడుచేసి పారేసి వెళ్తే, బెంగళూరు హెచ్ఏఎల్ వాటిని బాగుచేసి వైమానిక దళానికి ఇచ్చింది. 1968 దాకా ఎగిరాయి. ఇప్పుడు చూడాలంటే వైమానిక దళం డకోటా ఒకటి ఉంది. అప్పట్లో ఎంపీగా ఉన్న రాజీవ్ చంద్రశేఖర్ తుక్కులోంచి కొని, బ్రిటన్‌లో బాగుచేయించి దళానికి బహూకరించారు. 2018లో అది ఎగురుకుంటూనే ఇండియా వచ్చింది. దాని తోక మీద వీపీ 905 అని ఉంటుంది, 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మొదట సైనికులను దింపిన డకోటా నంబర్ అది.

ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఎక్కించవచ్చా?

ఊరికే ఎక్కించవచ్చు, విమానం మీద ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి ఉందని, దాని అర్థం ఏమిటో ముందు చెప్పి. మా అమ్మ ఆ మాట చదివించుకుని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. నాన్న మాత్రం రెక్క పక్కన నిలబడి ఇంజిన్ వింటూ ఉన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు పొలంలో ఆయిల్ ఇంజిన్‌తో వేగిన మనిషి. నేను మాగ్నెటోలు పరీక్షిస్తూ స్విచ్ ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చగానే చెయ్యి ఊపి ఆపమన్నాడు. ఇంజిన్ ఆపి దిగాను. "రెండోవైపు తిప్పినప్పుడు ఒకటి అందుకోవట్లేదురా" అన్నాడు. ఇంజిన్ మీది మూత (కౌలింగ్) తీసి చూస్తే కింది సిలిండర్ ప్లగ్గు ఒకటి ఆయిల్లో నానిపోయి ఉంది. ప్లగ్గు మార్చాక ఎక్కాడు.